పెన్సిల్ కింద పెట్టిన పాట

ముసలాయన మళ్లీ కాగితం తీశాడు.

పియానో ముందున్న మాస్టారు అది చూశాడు. వేళ్లు తడబడబోయి, ఎలాగో సర్దుకున్నాయి.

వారంలో ఆరు రోజులు ఆయన కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఏడో రోజు, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, వీధి చివరి పబ్బులో ఏడు పాటలు వాయిస్తాడు. అక్కడ ఇరవై మంది ఉంటే పందొమ్మిది మంది కళ్లు టీవీలో మ్యాచ్ మీదే ఉంటాయి. ఎప్పుడైనా చప్పట్లు మోగాయంటే అది గోలు పడినందుకే.

మాస్టారుకి యాభై రెండేళ్లు. ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, తన పాటని చెవి పెట్టి వింటే చాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

ఆ ఇరవయ్యో మనిషే ఈ ముసలాయన. మూడు నెలలుగా ప్రతి ఆదివారం వస్తున్నాడు. మూల బల్ల దగ్గర ఒక్క గ్లాసు ముందు పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. తల ఊపడు, చప్పట్లు కొట్టడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచి ఏదో రాసుకుంటాడు.

"ఖాయంగా రికార్డుల కంపెనీ మనిషే," అన్నాడు మాస్టారు ఇంట్లో భార్యతో.

"కంపెనీ మనిషైతే మూడు నెలలు కూర్చుంటాడా? మొదటి పాటకే పారిపోడూ?"

"నీకంతా వేళాకోళమే. ఈ మధ్య నా చెయ్యి ఎలా తిరిగిందో తెలుసా? ఆ డొక్కు పియానో ఒకప్పుడు గాడిదలా ఓండ్ర పెట్టేది. ఇప్పుడు ముట్టుకుంటే చాలు, పలుకుతోంది."

"సరే మహానుభావా. నీలం చొక్కా ఇస్త్రీ చేశాను, వేసుకెళ్లండి."

ఆ నీలం చొక్కాలోనే ఈ ఆదివారం ఆరు పాటలు వాయించాడు. ముసలాయన పెన్సిలు కదులుతూనే ఉంది.

ఏడోది మాస్టారు సొంత పాట. పాతికేళ్ల వయసులో కట్టుకున్నాడు. ఇంటి గోడలకి తప్ప ఎవరికీ వినిపించే ధైర్యం చాలలేదు. ఇవాళ ఆ ఒక్క మనిషి కోసమని, కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు.

మధ్యలో కళ్లు తెరిచి చూస్తే, ముసలాయన పెన్సిల్ కింద పెట్టేసి ఉన్నాడు.

పాట అయ్యేదాకా దాన్ని ముట్టుకోలేదు. అయ్యాక ఒక్క ముక్క రాసి, కాగితం మడిచాడు.

మాస్టారుకి ఒళ్లు మండింది. తిన్నగా మూల బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఏ కంపెనీ అండీ మీది?"

"కంపెనీయా? నాకే కంపెనీ లేదు బాబూ. ఇందాకటి పాట..."

మూడు నెలల ఆశ మీద నీళ్లు చల్లినట్టయింది.

"మరి ఆ రాతలేమిటి?"

"అదా, నాలుగో పాటలో పై గాంధారం కాస్త..."

"తప్పులు పడుతున్నారన్నమాట! వీళ్లంతా అసలు వినరు. వినే ఒక్కరూ తప్పులు ఏరడానికి వింటారు. పైగా నా సొంత పాటకి పెన్సిలే పక్కన పడేశారు. రాయడానికి కూడా పనికి రాలేదా అది?"

"అయ్యో, అది కాదు బాబూ..."

"మీకో దణ్ణం. వచ్చే ఆదివారం నుంచి రాకండి."

ముసలాయన కాసేపు మాస్టారు చేతుల వంక చూశాడు. కాగితం జేబులో పెట్టుకుని, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం మూల కుర్చీ ఖాళీ. పీడ పోయిందనుకున్నాడు మాస్టారు. అనుకున్నాడే గాని, పాట పాటకీ కళ్లు అటే పోయాయి. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరికి వాయిస్తున్నట్టో అర్థం కాలేదు.

రెండో వారానికి పియానో గొంతు మారింది. నాలుగో వారానికి మళ్లీ ఓండ్ర పెట్టింది. మ్యాచ్ చూసేవాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వారు.

"నా చెయ్యి పోయిందండీ. ఇక మానేస్తాను," అన్నాడు పబ్బు ఓనరుతో.

ఓనరు గ్లాసు తుడుస్తూ అన్నాడు. "మీ చేతికేం మాస్టారూ? శ్రుతి చేసేవాడు లేడు గాని."

"శ్రుతా? ఎవరు?"

"మూల బల్ల తాత. ఒకప్పుడు పెద్ద పెద్ద హాళ్లలో పియానోలు శ్రుతి చేసిన మనిషి. మీరు వాయిస్తుంటే ఏ మెట్టు శ్రుతి జారిందో రాసుకునేవాడు. సోమవారం పొద్దున్నే వచ్చి, ఆ కాగితం చూసుకుంటూ తీగలు బిగించేవాడు."

మాస్టారు పియానో వైపు తిరిగి చూశాడు.

"నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెప్పనివ్వలేదు. తెలిస్తే మెట్లు చూసుకుంటూ వాయిస్తాడు, పాట పాడవుతుంది అన్నాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"కూతురు ఎప్పటినుంచో రమ్మంటోందట. ఆదివారాలున్నాయి కదా అని ఆగాడట. మీరు రావద్దన్న మర్నాడు, సోమవారం కూడా వచ్చి, ఆఖరిసారి బిగించి, ఇక ఆగే పనేముందని వెళ్లిపోయాడు. ఏ ఊరో నేనూ అడగలేదు. ఇదిగో, ఈ కాగితం పియానో మీద మరిచిపోయాడు."

అందరి చూపూ సరిచేసే మాస్టారుకి అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లజోడు తీసి, తుడుచుకుని చదివాడు.

'నాలుగో పాట: పై గ దిగింది. ఆరో పాట: కింది ప వదులు.'

ఏడో పాటకి ఒక్క ముక్కే రాసి ఉంది: 'మెట్లు చూసుకోవడం మరిచిపోయాను, పాట వింటూ ఉండిపోయాను.'