చివరి భాగం

అమ్మను ఏ ఆసుపత్రిలో చేర్చాలన్న దగ్గర పట్టింపు వచ్చి, ఆమె పోయాక తమ్ముడూ చెల్లీ మాటలు మానేశారు. ఆదివారాలు మా ఇంట్లో అంతరిక్షం సీరియల్ చూసి పోట్లాడుకోవడం ఒక్కటే మిగిలింది. వాడు కెప్టెన్ పక్షం, అది మరమనిషి పక్షం. ఆ గంట కోసం నేను రోజూ దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

నిన్న చివరి భాగం వచ్చింది.

“ఏడేళ్లు తిప్పి తిప్పి, వాళ్లు వెతుక్కుంటూ పోయిన ఆ గ్రహాన్ని చూపించనే లేదు. తలుపు తీశారు, తెరంతా తెల్లగా అయిపోయింది, అంతే,” అన్నాడు తమ్ముడు.

చెల్లి అడ్డం తిరుగుతుందని ఎదురుచూశాను.

“అవును. చెత్తగా తీశారు,” అంది.

ఇద్దరూ ఒకే మాట అనడం అదే మొదలు. ఆ తర్వాత అనుకోవడానికి ఏమీ లేకపోయింది. తమ్ముడు బండి తాళాలు తీశాడు. చెల్లి చెప్పులు వేసుకుంటోంది. వచ్చే ఆదివారం ఇక ఎవరూ రారు.

“నాకైతే ముగింపు బాగుందర్రా,” అన్నాను.

తమ్ముడు వెనక్కొచ్చి కూర్చున్నాడు. “ఏం చూసి బాగుందంటున్నావక్కా?”

“చెప్పనీ, విందాం,” అంటూ చెల్లి వాడి పక్కనే కూర్చుంది.

ఏడేళ్లూ నేను వంటింట్లోంచి వాళ్ల గొంతులు విన్నానే తప్ప, ఆ సీరియల్ ఒక్క భాగమూ చూడలేదు.