మందును పట్టే మన్ను

ఆ మధ్యాహ్నం జహీరాబాద్‌లో ఒక చిన్న సీసా ఎంత ఎర్రగా వెలిగిందంటే, బొంబాయి రోడ్డు మీద చిరాగ్‌పల్లి దాకా లారీలు ఎర్రదీపమనుకుని బారులు తీరి ఆగిపోయాయి. నమ్మకపోతే మీ ఇష్టం. ఊరి పేరులోనే చిరాగ్ ఉంది, దీపమంటే ఆ ఊరికి తెలియదా?

సీసా తెచ్చింది గిరిజమ్మ. కొంగు చాటున దాచి తెచ్చి మాణిక్ బల్ల మీద పెట్టింది.

"మా ఇంటాయనది తమ్మీ. ఆయనకు తెల్వకుండ తెచ్చిన."

మాణిక్ రక్తం, మూత్రం పరీక్షలు చేసేవాడు. ఉమ్మెత్త తిన్నవాళ్లను తొందరగా కనిపెట్టవచ్చేమో చూడమని హైదరాబాద్ నుంచి ఎవరో పెద్ద చదువులవాళ్లు అతనికి ఒక పొడి పంపారు. కొత్తగా వచ్చిన రంగుల టీవీలో ఎరుపును వెలిగించేది అట్లాంటి అరుదైన మన్నేనట. ఒంట్లోకి ఏ ఆకు పసరు పోయినా, ఏ వేరు రసం పోయినా, మూత్రంలో ఈ మన్ను కలిపి నీలిదీపం కింద పెడితే నిప్పుకణికలా వెలుగుతుందని మాణిక్ ఊరంతా చెప్పుకున్నాడు.

గిరిజమ్మకు కావలసింది అదే. ఆమె మొగుడు రేవణసిద్ధప్ప జామకాయల వ్యాపారి. ఏటా కోహీర్‌లో మనోరమ అనే ఆమె తోట కాపు కొనేవాడు. ఈసారి కాపు అయిపోయింది గాని కోహీర్ ప్రయాణాలు అయిపోలేదు. మీసానికి రంగు వచ్చింది. ఇంట్లో జొన్నరొట్టె గొంతు దిగడం మానేసింది. నిద్రలో నవ్వుతున్నాడు, మెలకువలో పెళ్లాం ముందు ఏనాడూ అలా నవ్వినవాడు కాడు. మనోరమ మందు పెట్టిందని, మగవాణ్ని వశం చేసుకునే ఏదో వేరును కూరలో కలిపి తినిపించిందని పక్కింటి బస్వమ్మ తేల్చేసింది.

గిరిజమ్మ బస్సెక్కి పోయి ఆ మనోరమను చూసి కూడా వచ్చింది. తనకంటే పెద్దది. ముందుపన్ను విరిగింది. ఆ మొహాన్ని చూసి మనసు పారేసుకున్నాడంటే ఎట్లా నమ్మడం? మందే. అయినా ఆ రోజు నుంచి గిరిజమ్మ అద్దంలో తన పళ్లు చూసుకోని పూట లేదు.

మాణిక్ పొడి కలిపాడు. సీసాను నీలిదీపమున్న నల్లడబ్బాలో పెట్టి, పైనున్న కంతలోంచి చూశాడు. చాలాసేపు చూశాడు. డబ్బాను తట్టి మళ్లీ చూశాడు.

"ఒక మాట అక్కా. మందు ఉన్నదని తేలితే ఏం జేస్తవ్?"

"మొగుడంపల్లిల మందు కక్కిచ్చేటోళ్లున్నరు, ఆడికి తోలుకపోయి కక్కిపిస్త. ఆయన తప్పేమున్నది? అది పెట్టింది, ఈయన తిన్నడు."

"లేదని తేలితే?"

గిరిజమ్మ కొంగు కొసను వేలికి చుట్టింది, విప్పింది.

"సోయిల ఉండే, అన్నీ తెలిసే పోతున్నడన్నట్టు. ఇగ నేను ఎవరికోసం రొట్టె జేయాలె తమ్మీ?"

మాణిక్ కంతకు ఇంకోసారి కన్ను ఆనించాడు.

"ఎలిగిందక్కా. ఎర్రగ, నిప్పు లెక్క."

తానూ చూస్తానంది గిరిజమ్మ. అలవాటు లేని కళ్లకు ఆ దీపం మంచిది కాదని చెప్పి, మాణిక్ సీసాను తీసుకుపోయి మోరీలో ఒంపేశాడు. అప్పుడు చూడాలి గిరిజమ్మ ముఖం. అదీ వెలిగింది.

మొగుణ్ని బాగుచేసుకోవాలంటే మొగుడంపల్లి కాక ఇంకే ఊరు? ఆ వారమే అక్కడికి తీసుకుపోయి కక్కుడు పసరు తాగించింది. రేవణసిద్ధప్ప కక్కి కక్కి, మూతి తుడుచుకుని, పదిమందిలో అన్నాడు:

"నాకేం ఎరికనే. ఇన్నొద్దులు సోయే లేకపాయె."

మందు తిన్నవాడు అంతకంటే ఏం చెబుతాడు? మళ్లీ కోహీర్ బస్సు ఎక్కలేదు. మీసం తెల్లబడింది. రొట్టె గొంతు దిగింది. గిరిజమ్మ మాత్రం ఆ ఇంట్లోకి జామకాయను మళ్లీ రానివ్వలేదు.

అన్నట్టు, లారీలు ఆగిన ముచ్చట నేను కల్పించిందే. ఆగడానికి ఆ సీసా వెలిగితే కదా.