సెలవు రోజు గంట

ఆ బుధవారం మధ్యాహ్నం ఇసోబె టీచరు పిల్లి బుట్టతో పశువైద్యుడి తలుపు ముందు నిలబడింది. "ఈరోజు సెలవు" అన్న పలక వేలాడుతోంది. దాని కింద గంట మీట. "అత్యవసరమైతే నొక్కండి" అని పక్కన చిన్న అక్షరాలు.

డాక్టరు హనావా కాపురం పై అంతస్తులోనే. కిటికీలోంచి చేప వేగుతున్న వాసన, పిల్లల నవ్వులు వస్తున్నాయి. వారానికి ఈ ఒక్కరోజే ఆ ఇంట్లో అందరూ కలిసి తినేది. అతను ఒకప్పుడు మూడో తరగతిలో ఆమె దగ్గరే చదువుకున్నాడు.

బుట్టలో గోమా సన్నగా మూలిగాడు. తెల్లవారినప్పటి నుంచి ఇసుక పెట్టెలోకి వెళ్ళడం, ముక్కడం, ఊరికే బయటికి రావడం. మలబద్ధకమేమో. దీనికి గంట నొక్కవచ్చా? ఆమె వేలు మీట దాకా వెళ్ళి ఆగింది. మూసిన తలుపుకే తల వంచి, కొండ మీది తన ఇంటిదారి పట్టింది.

ఆఖరికి ఫోన్ చేసింది.

"సెలవు పూట ఇబ్బంది పెడుతున్నాను, హనావా బాబూ. భోజనాల వేళేమో."

"టీచర్‌గారా! మీ గొంతు వింటే హోంవర్క్ చెయ్యలేదేమోనని ఇప్పటికీ గుండె దడండీ. చెప్పండి."

"పిల్లి ఇసుక పెట్టెలో ఎన్నిసార్లు కూర్చుంటే అత్యవసరం అనుకోవాలి?"

అతని నవ్వు ఆగిపోయింది. "గోమా ఎన్నిసార్లు కూర్చున్నాడు?"

"పదకొండు."

"మూత్రం పడిందా?"

"చుక్క కూడా లేదు. నేను మలబద్ధకం అనుకున్నాను."

"అందరూ అలాగే పొరబడతారండీ. వాంతులు?"

"రెండు. తర్వాత బల్ల కిందికి దూరాడు. పొట్ట ముట్టుకోనివ్వలేదు."

"మూత్రనాళం మూసుకుపోయిందండీ! మగపిల్లికి ఇది ప్రాణం మీదికొచ్చే జబ్బు. వెంటనే తీసుకురండి."

"బుధవారం నీకు సెలవు కదా?"

"అయితే ఏంటి? గంట పెట్టింది దేనికి?"

"నొక్కొచ్చన్నమాట."

"నొక్కొచ్చేంటి, నొక్కాలి! తెలియకపోతే చెయ్యెత్తి అడగండిరా అని చాక్‌పీసు విసిరి మరీ చెప్పింది మీరే కదా!"



"మొదటిరోజే తీసుకొస్తే బతుకుతాయా, బాబూ?"

"చాలావరకు దక్కుతాయి. సన్న గొట్టం వేసి మూత్రం తీసేస్తాం. ఇంతకీ ఎప్పట్నుంచి ఇలా ఉంది? టీచర్‌గారూ? సరే, మీరు మెట్లు దిగొద్దు, నేనే కారేసుకొస్తున్నా. వాడి పొట్ట మాత్రం నొక్కకండి."

"నువ్వు తిను, నాయనా. చల్లారిపోతుంది."

"అయ్యో, టీచర్‌గారూ!"

ఆమె ఫోన్ పెట్టేసింది. కాసేపటికి కొండ కింద కారు ఆగిన చప్పుడు, ఆ వెంటనే రాతిమెట్ల మీద పరుగు. ఆమె లేచి గుమ్మం తలుపు తీసింది. అతనికి ఏమని చెప్పాలో మాటలు వెతుక్కుంటూ అక్కడే నిలబడింది.

కిందటి నెల చనిపోయిన గోమా అస్థికలను ఆమె ఇంకా మట్టిలో కలపలేదు.