మామయ్య కుట్టిన క్యూ

వార్డు ఎన్నిక మొదటి విడత పోలింగు రోజు బూత్‌లో ఈగలు తోలుకునే పరిస్థితి. వచ్చినవాళ్ళలోనూ చాలామంది గుమ్మంలోంచి తొంగిచూసి, “ఎవరూ లేరే, మనకు మాత్రం ఏం పని?” అంటూ వెనక్కి తిరిగారు. పడిన కాసిని ఓట్లలో ఎవరికీ సగం దాటలేదు. ముందున్న ఇద్దరికీ, అంటే నర్సమ్మకూ సిమెంటు కొట్టాయనకూ, మళ్ళీ పోటీ పెట్టారు.

నర్సమ్మ బెంగపెట్టేసుకుంది.

“ఈసారీ జనం రాకపోతే నా పని అయిపోయినట్టే మామయ్యా. కొట్టాయన మనుషులు ఎలాగూ వస్తారు.”

టైలరు మామయ్య నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టాడు.

“పిచ్చిపిల్లా, జనాన్ని చూసే జనం వస్తారే! క్యూ కనిపిస్తే చాలు, ఏమిస్తున్నారని కూడా అడక్కుండా నిలబడతారు. ఆ క్యూ నేను కుట్టిపెడతా!”

రెండో విడత రోజు పొద్దున్నే చుట్టాలందర్నీ పోగేసి బూత్ ముందు నిలబెట్టాడు. గుమ్మం దగ్గరికి రాగానే “మీరు కానివ్వండి, మాకేం తొందర” అని వెనకవాళ్ళను లోపలికి తోసెయ్యాలి. వేషం మార్చుకుని మళ్ళీ క్యూ చివర చేరాలి. షాపులో కుట్టి ఉంచిన కోట్లన్నీ వీధిలోకొచ్చాయి. బావగారు పొద్దున లాయరు, కాసేపటికి పెళ్ళికొడుకు.

“ఏయ్, అది నా కోటు!” అని ఒకాయన బావగారి మీదకొచ్చాడు.

“అరవకండి సార్, నా వెనక నిలబడండి. తీరిగ్గా మాట్లాడుకుందాం.”

కోటు సంగతి తేలలేదు కానీ ఆయన ఓటు పడింది. మొన్నటి సిరా ఎడమ వేలి మీద ఇంకా పోలేదని, ఈసారి అందరికీ కుడి వేలికే పూసి పంపారు.

మధ్యాహ్నానికి క్యూ వీధి మలుపు తిరిగింది. పోలింగు మొదటిసారికి రెట్టింపు! తలుపులు మూసేసరికి అత్తయ్య మెట్ల మీద కూలబడి కాళ్ళు పిసుక్కుంటోంది.

“ఈయన్ని కట్టుకున్నాక ఇంత తిప్పింది ఇదే మొదలు. అదీ ఒక్క వీధిలోనే!”

మామయ్య అప్పుడే బ్యాండువాళ్ళకు కబురు పెట్టేశాడు.

ఫలితం వచ్చింది. నర్సమ్మ నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయింది.

మామయ్య గంతులు ఆగిపోయాయి. “నాలుగంటే నాలుగు! మన ఇంట్లోనే ఎవడో ఓటెయ్యకుండా ఎగ్గొట్టాడు. అందరూ కుడిచేతులు చాపండి, ఆ దొంగెవడో ఇప్పుడే తేలుస్తా!”

మామయ్యదీ కలిపి వరసగా పద్నాలుగు కుడిచేతులు ముందుకొచ్చాయి కానీ, ఒక్క వేలి మీదా సిరా చుక్క లేదు.