లిఫ్టు సీను

“ఆ సినిమా బాగుందని మీకెవరు చెప్పారండీ?” అన్నాడు పళ్ళ డాక్టరు, మాస్కు ముక్కు మీదికి లాక్కుంటూ.

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న టైలరు కాసేపు తన పంటి సంగతి మరిచిపోయాడు. ఎవరూ చెప్పలేదు, ఆదివారం మ్యాట్నీకి వెళ్ళి తనే చూసొచ్చానన్నాడు. భయం బయటపడకుండా ఏదో ఒకటి మాట్లాడదామని సినిమా మాట ఎత్తిందీ తనే. లిఫ్టు నడిపే తండ్రి, ఆ తండ్రంటే చిన్నచూపు ఉన్న కూతురు, వాళ్ళిద్దరి కథ. ఈ ఏడాది చూసిన నాలుగు సినిమాల్లోనూ మనసుకి హత్తుకున్నది అదొక్కటేనన్నాడు.

“ఏడ్చారండీ,” అంది తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న అతని భార్య. “నా రుమాలు కూడా ఆయనే తడిపేశారు.”

డాక్టరు తల అడ్డంగా ఊపి, నోరు తెరవమన్నాడు. నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తమన్నాడు. పీకాల్సింది కుడివైపు కింది దవడలో చివరి పన్ను. దానికోసం ఇదివరకు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ మెట్ల దగ్గర్నుంచే వెనక్కి తిరిగిన మనిషి టైలరు. ఇవాళ భార్య వెంట ఉండబట్టి కుర్చీ దాకా వచ్చాడు.

“చీమ కుట్టినట్టుంటుంది, అంతే,” అంటూ డాక్టరు సూది అందుకున్నాడు. “ఆ లిఫ్టు సీను ఉంది చూశారూ, రెండంతస్తుల మధ్య ఆగిపోయి, తండ్రి లోపల, కూతురు బయట. పది నిమిషాలండీ. లిఫ్టూ కదలదు, కథా కదలదు.”

టైలరుకి సూది కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

దవడ మొద్దుబారేదాకా ఆగాలి. ఈలోగా జవాబు చెప్పేద్దామనుకుంటే నర్సు నోట్లో దూది చుట్ట పెట్టింది. దాంతో డాక్టరుకి అడ్డే లేకుండా పోయింది. కూతురు వేషం వేసిన అమ్మాయికి ఏడవడం రాదన్నాడు. చివర్లో తండ్రి చెప్పిన మాట ఒక్కటీ వినపడలేదన్నాడు, వినపడకపోవడమే నయమన్నాడు. సినిమా అంటే మొన్న వచ్చిన ఫైటింగు సినిమా అన్నాడు. హీరో ఒక్కడే వర్షంలో, బురదలో నలభైమందిని మట్టికరిపిస్తాడు, అదీ తీయడమంటే అన్నాడు.

టైలరు ఎడమ చెయ్యి లేచింది.

“నొప్పా?”

కాదన్నట్టు తల ఊపాడు. ఆ సినిమా అతనూ చూశాడు. బురదలో అంతమందిని కొట్టిన హీరో తెల్లచొక్కాకి ఒక్క మరక లేదు. పోనీ అంటే, మొదటి గుద్దుకే తెగిపోయిన కాలరు గుండీ పదో గుద్దు నాటికి మళ్ళీ దాని చోటికి వచ్చేసింది. మధ్యలో ఎవరు కుట్టారు? వారం రోజులుగా ఈ ప్రశ్న అతన్ని తినేస్తోంది. అడగబోతే “ఉండీ... ఉండీ...” అని మాత్రం వచ్చింది.

“గుండెకేం కాదండీ, పీకేది పన్నేగా,” అన్నాడు డాక్టరు, అతని నోటి మీదికి వంగుతూ. “ఇంతకీ నే చెప్పేదేమిటంటే, అలాంటి సినిమాకి ఏడ్చేవాళ్ళు పక్కింట్లో ఉల్లిపాయలు తరిగినా ఏడుస్తారు.”

భార్య ఫక్కున నవ్వింది.

టైలరు చెయ్యి మళ్ళీ లేచింది. ఈసారి వేలు కూడా ఆడింది. కళ్ళెర్రబడ్డాయి. మనసులో జవాబు కూడగట్టుకుంటున్నాడు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? కూతురు లిఫ్టు తలుపుకి చెంప ఆనించిన దగ్గర్నుంచా, తండ్రి లోపల ఒక్కో అంతస్తు మీట నొక్కుతూ ఆమె వయసు లెక్కపెట్టుకున్న దగ్గర్నుంచా? మాట పక్కన మాట పేర్చుకుంటూ ఉండగానే, నర్సు కొత్త దూది పెట్టి గట్టిగా కరిచి పట్టుకోమంది.

ఇక అతని వల్ల కాలేదు. లేచి కూర్చుని, దూది బుగ్గలోకి తోసి, సగం నోటితో అందుకున్నాడు. మాటలు ఒక పక్కకి జారిపోతున్నా ఆగలేదు. తండ్రి మాటలు వినపడకూడదనే అలా తీశారన్నాడు. తలుపు అవతలున్న కూతురికి మాత్రం వినపడ్డాయా, మనల్ని నిలబెట్టింది ఆ అమ్మాయి పక్కనే కదా అన్నాడు. ఆమెకి ఏడవడం రాకపోవడమే కథ అన్నాడు. కాలరు గుండీ సంగతి కూడా వదల్లేదు.

“మీకు నచ్చకపోతే నచ్చలేదనండి, బాగాలేదని మాత్రం అనకండి,” అని మళ్ళీ వెనక్కి వాలాడు. “చెప్పాల్సింది చెప్పేశాను. ఇక పీకండి.”

డాక్టరు ట్రే ఇటు జరిపాడు. అందులో రెండు వేర్లతో సహా పన్ను ఉంది.

“ఎప్పుడు పీకారు?” అన్నాడు టైలరు.

“మీరు రెండోసారి చెయ్యెత్తినప్పుడు.”

నాలుకతో తడుముకుని చూసుకున్నాడు. ఖాళీయే. అయినా కోపం తగ్గలేదు. బయటి గదిలో భార్య మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంటుంటే, చెయ్యి మంచిదే గాని మనిషి బొత్తిగా రసం లేనివాడని, ఉన్న పళ్ళన్నీ ఊడినా ఈ గడప తొక్కనని సణిగాడు. దూది ఊడిపోతుంది, ముందు నోరు ముయ్యమంది ఆవిడ.

ఇంతలో నర్సు తర్వాతి మనిషిని లోపలికి పంపింది. గడపకి నిండుగా ఉన్న బస్సు డ్రైవరు, పట్టుకున్న తలుపు రెక్కని మాత్రం వదలడం లేదు. ఈమధ్య ఏం సినిమాలు చూశారని డాక్టరు పలకరిస్తే, ఆ లిఫ్టు సినిమాకి వెళ్ళి తల పగిలిపోయి ఇంటర్వెల్లోనే లేచొచ్చేశానన్నాడు. బాగా దొరికారు ఇద్దరూ ఒకరికొకరు అనుకుంటూ టైలరు మెట్ల వైపు కదిలాడు.

“అయ్యయ్యో, ఆ లిఫ్టు సీను చూడకుండా ఎలా వచ్చేశారండీ?” అంటున్నాడు డాక్టరు లోపల. “నేను మూడుసార్లు చూశాను, మూడుసార్లూ ఏడ్చాను. ఏదీ, నోరు తెరవండి.”