ఆమె వంతు

కిషోర్ కొట్టిన రెండో దెబ్బకి తలుపు గడియ ఊడింది. క్రికెట్ బ్యాట్‌తో లోపలికొచ్చిన మొగుణ్ణి చూసి నీరజ వంటగది గోడకి అతుక్కుపోయింది. అతని దెబ్బలు తాళలేక ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో ఈ ఇంట్లో తలదాచుకుని మూడు వారాలైంది.

"నా పెళ్ళాన్ని పంపు."

ఆ ఇంటి పెద్ద దేవదానం అంకుల్ అడ్డం నిలబడ్డాడు. "తొలి క్రైస్తవ విశ్వాసుల్లాగా మేము అన్నీ పంచుకుని బతుకుతున్నాం బాబూ. ఆమె మాలో మనిషే."

"అయితే దాని దెబ్బలు కూడా పంచుకోండి."

భుజం ఎముక విరిగిన చప్పుడు నీరజకి వినిపించింది. ముసలాయన కూలిన చోటే ఆయన భార్య రూతు ఆంటీ వచ్చి నిలబడింది. బ్యాట్ ఆమె నుదురు పగలగొట్టింది. నెత్తురు కళ్ళలోకి కారుతున్నా ఆంటీ పక్కకి జరగలేదు.

ఈ ఇంట్లో అన్నం, బట్టలు, కారు అన్నీ ఉమ్మడివే. ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని నీరజ రోజూ కుమిలిపోయేది. ఒంటి మీది వాతల్ని కూడా ఆరేళ్ళుగా ఎవరికీ చూపించలేదు.

ఫోన్ తీసి పోలీసుల్ని పిలిచే ట్రిపుల్ జీరో నొక్కింది. అడ్రస్ చెప్పింది, మొగుడి పేరు చెప్పింది.

"నా మీద నువ్వు చెప్తావా?" అన్నాడు కిషోర్.

నీరజ వచ్చి ఆంటీ పక్కన నిలబడింది. "వీళ్ళ దెబ్బలకి సాక్ష్యం చెప్తాను. నావి కూడా చెప్తాను."

అతను బ్యాట్ ఎత్తాడు. పోలీసు సైరన్ వినబడేదాకా ఆమె చూపు దించలేదు.