ఘాటు లేని జిగురు

"ఘాటు లేనిది జిగురేంటమ్మా?" అన్నాడు మేస్త్రీ, డబ్బా మూత తీసి వాసన చూసి.

ఆ ప్లైవుడ్ ఫ్యాక్టరీలో జిగురు గది అతని రాజ్యం. ఇరవై ఏళ్లుగా అక్కడ అతను చెప్పిందే వేదం.

కానీ ఆ వారం పీకల మీదికి వచ్చింది. బడి బల్లల కోసం పంపిన పలకలన్నీ తిరిగొచ్చాయి. పిల్లల కళ్లు మండుతున్నాయట. ఘాటు లేని పలకలు చేయలేకపోతే జిగురు గది మూసేస్తానని యజమాని తేల్చి చెప్పాడు.

సరిగ్గా అప్పుడే ఈ ముసలావిడ, చేతిలో డబ్బాతో దిగింది.

"సోయా పిండి, చెట్టు బెరడు రసం. విషమేమీ లేదు," అందామె.

"పిండితో రొట్టెలు చేసుకోండి. పలకలు మాకొదిలెయ్యండి."

కూలీలు పకపకా నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఆ గదిలో కళ్లు మండటం మామూలే.

ఆమె కదల్లేదు. సంచిలోంచి అతికించిన చెక్క ముక్క తీసి బల్ల మీద టక్కున పెట్టింది.

"మరిగే నీళ్లలో వెయ్యి. విడిపోతే నా మొహం మళ్లీ చూపించను."

"మా జిగురు ముప్పై ఏళ్లుగా నిలబడిందమ్మా!"

"జిగురు నిలబడింది నాయనా. కలిపినవాళ్లలో ఎంతమంది నిలబడ్డారు?"

మేస్త్రీకి తనకు పని నేర్పిన పాత మేస్త్రీ గుర్తొచ్చాడు. దగ్గి దగ్గి మంచాన పడ్డ మనిషి. మాట సూటిగా తగిలింది. తగిలినందుకే ఒళ్లు మండింది. డబ్బా ఎత్తి మురిక్కాలవలో కుమ్మరించాడు.

"ఇక దయచెయ్యండి."

"పారబొయ్యి. ఎన్ని డబ్బాలు పారబోస్తారో నేనూ చూస్తాను. నువ్వు కాకపోతే పక్క ఫ్యాక్టరీ!"

తలెత్తుకుని వెళ్లిపోయింది.

మేస్త్రీ పంతానికి ముక్కను మరిగే నీళ్లలో వేశాడు. విడిపోగానే నలుగురికీ చూపించి నవ్వాలని.

మూడు గంటలైనా విడిపోలేదు. ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. చెక్క చీలింది గానీ అతుకు చెక్కుచెదరలేదు.

ఆవిడను ఎలాగైనా వెనక్కి పిలవాలి. ఒక్క ఉదుటున గేటు దాకా పరుగెత్తాడు. అక్కడ యజమాని ఫోన్ పట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"అయ్యా, డబ్బా పట్టుకుని ఒకావిడ వచ్చింది..."

"తెలుసు. పక్క ఫ్యాక్టరీవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అప్పుడే తొట్లు కడిగేసి ఆవిడ జిగురు కలుపుతున్నారట. బడి బల్లల పనీ వాళ్లకే వెళ్లిపోయింది. నువ్వేం చేశావు?"

"పారబోశానయ్యా. పిండి కలుపుకునే ముసలావిడ, మన జిగురు సంగతి ఆవిడకేం తెలుసులే అనుకున్నాను."

యజమాని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ముప్పై ఏళ్ల కిందట మన జిగురు కనిపెట్టిందే ఆవిడయ్యా," అన్నాడు.